బువ్వపలక

విహిత మారాం చేసి ఉంటే మందాకిని అంత భయపడేది కాదు.

పిల్ల ఏడవలేదు. కంచం తోసెయ్యలేదు. వద్దని కూడా అనలేదు. మూడున్నరేళ్ల విహిత పీట మీద బుద్ధిగా కూర్చుంది. కంచంలో పప్పన్నం ఉంది. కాచిన నెయ్యి వాసన గదంతా కమ్ముకుంది. కానీ పిల్ల చూపు కంచం మీద లేదు. గోడకు ఆనించి నిలబెట్టిన టాబ్లెట్ మీద ఉంది. అది నల్లగా, చచ్చినట్టు ఉంది.

తుపాను విశాఖ మీదుగా వెళ్లిపోయింది. పోతూ పోతూ కరెంటు స్తంభాలనీ, సెల్ టవర్లనీ, మధురవాడలో వాళ్ల అపార్ట్‌మెంట్ ముందున్న చెట్లనీ పడగొట్టి పోయింది. జనరేటర్లో డీజిల్ అడుగంటింది. ఇంట్లో ఛార్జింగ్ ఉన్న వస్తువు ఒక్కటీ లేదు.

"ఇదిగో, ఇది నాన్న ముద్ద," అంది సీతారత్నం. ఆవిడ మందాకిని అత్తగారు. కొడుకు చంద్రమౌళి రైల్వే గార్డు. గూడ్సు బండితో పాటు తుపానుకి రాయగడలో చిక్కుకుపోయాడు. "రైలు దిగి పరిగెత్తుకొచ్చేస్తున్నాడమ్మా. ఆఁ అను, నా సిట్టి తల్లి!"

విహిత నోరు తెరవలేదు. సీతారత్నం వేళ్లతో పెదాలు విడదీసి ముద్ద పెట్టింది. ముద్ద బుగ్గలో ఉండిపోయింది. పిల్ల దాన్ని నమలలేదు, ఉమ్మలేదు.

"మింగమ్మా."

విహిత నానమ్మ వంక చూసింది. తనని ఏం చెయ్యమంటున్నారో అర్థం కాలేదన్నట్టు చూసింది.

"నిన్నటి నుంచీ ఇదే వరస మందా. పాలు పోస్తే నాలుగు గుక్కలు దిగాయి, అంతే. ఈ గుంటకి ఏటయిందే?"

మందాకిని మోకాళ్ల మీద కూర్చుని కూతురి గడ్డం పట్టుకుంది. "విహీ, ఆకలేస్తోందా?"

"లేదమ్మా."

అబద్ధం కాదు. పిల్లలు ఎలా తింటారు, ఎందుకు తినరు అన్నదే మందాకిని చదువు, ఉద్యోగం, పేరు. మొండికేసిన పిల్ల కళ్లెలా ఉంటాయో ఆవిడకి తెలుసు. ఈ కళ్లలో మొండితనం లేదు. నిన్నటి నుంచి అన్నం ముట్టని పిల్ల, ఆకలి లేదని నిజమే చెబుతోంది.

మధ్యాహ్నానికి విహిత నేల మీద ఒరిగిపోయింది. అరచేతులు చల్లబడ్డాయి. నుదుటి మీద చెమట. పిలిస్తే కళ్లు సగమే తెరిచింది.

కూలిన చెట్ల మధ్య నుంచి పక్కింటాయన స్కూటర్ మీద మందాకిని కూతుర్ని పిల్లల ఆసుపత్రికి చేర్చింది. సీతారత్నం వెనకే ఇంకెవరి బండి మీదో వచ్చింది. డాక్టర్ షకీలా సూది గుచ్చి రక్తంలో చక్కెర చూసి, గ్లూకోజు సీసా తగిలించింది.

"ఎన్నాళ్లయింది తిని?"

"నిన్న పొద్దున తింది."

"వాంతులా? జ్వరమా?"

"ఏమీ లేవు. తినట్లేదు."

షకీలా కలం ఆపి తలెత్తింది.

ఆసుపత్రిలో జనరేటర్ నడుస్తోంది. నెట్ కూడా ఉంది. సీతారత్నం సంచిలోంచి టాబ్లెట్ తీసి మంచం పక్కన ప్లగ్గులో పెట్టింది. కాసేపటికి తెర వెలిగింది. ఆకుపచ్చ పొదల్లోంచి చిన్న ఏనుగుపిల్ల తొంగి చూసింది. దాని పేరు గున్న. గున్న తొండం ఎత్తి చెవులాడించింది.

విహిత నోరు తెరిచింది.

అప్పటికి అక్కడ అన్నమే లేదు. చేతికి సూది, కళ్లు తెర మీద, నోరు మాత్రం గూట్లో పక్షిపిల్ల నోరులా తెరిచి ఉంది. సీతారత్నం పరుగున క్యాంటీన్‌కి వెళ్లి ఇడ్లీలు తెచ్చింది. పిల్ల తిన్నది. పెట్టిన ముక్కల్లా మింగింది. పొట్లం ఖాళీ అయింది. పక్కమంచం వాళ్లు ఇచ్చిన బన్ను కూడా అయిపోయింది. ఇంకా పెడితే ఇంకా తినేలా ఉంది.

సీతారత్నం టాబ్లెట్‌ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుంది. "ఏ మహానుభావుడు కనిపెట్టాడో, నూరేళ్లు చల్లగా ఉండాలి."

"ఇది మీరు తయారుచేసిందే కదూ?" షకీలా మందాకినిని మెల్లిగా అడిగింది.

"మా బృందం."

"తుపాను తర్వాత ఇలాంటి పిల్లలు నా దగ్గరికి ఇంకా వచ్చారు. జ్వరం లేదు, జబ్బు లేదు. నోరు తెరవరు. అందరి ఇళ్లలోనూ ఈ ఏనుగే ఉంది మందాకినిగారూ."



*

గున్న ఉండే ఆ టాబ్లెట్ పేరు బువ్వపలక. అది చెడ్డ ఆలోచనతో పుట్టలేదు.

తెలుగు ఇళ్లలో చంటిపిల్లకి అన్నం పెట్టడమంటే పూటకో యుద్ధం. గిన్నె పట్టుకుని వీధిలో సగం దూరం నడవాలి. కాకిని చూపించాలి, బస్సుని చూపించాలి. ఇది తాత ముద్ద, ఇది అత్త ముద్ద, ఇది నీ ముద్ద అంటూ చుట్టాలందరి పేర్లూ అయిపోయే దాకా పెట్టాలి. ఈ మధ్య ఆ కష్టమూ పోయింది. పిల్ల ముందు ఫోనో టాబ్లెట్టో పెడుతున్నారు. హోటల్లో ఏ బల్ల దగ్గర చూసినా అదే. బొమ్మ కదులుతుంది, నోరు తెరుచుకుంటుంది, తల్లి చెయ్యి లోపలికి పోతుంది.

"ఎలాగూ పెడుతున్నారు కదా, అదేదో సరిగ్గా పనిచేసేలా చేద్దాం," అన్నాడు కంపెనీ అధిపతి కౌస్తుభ్. మందాకినికి ఆ మాట నచ్చింది.

ఆవిడ బృందం జిల్లాలు తిరిగి తల్లులు పిల్లలకి అన్నం పెడుతుండగా వీడియోలు తీసింది. వాటిని యంత్రానికి చూపించి నేర్పింది. టాబ్లెట్ కెమెరా పిల్ల కంటిపాపనీ, గొంతునీ గమనిస్తుంది. ముద్ద దిగిన క్షణాన్ని పసిగడుతుంది. పిల్ల నోరు బిగించబోయే ముందు ముఖంలో ఒక అతి చిన్న కదలిక వస్తుంది. తల్లి కంటికి అందదు, కెమెరాకి అందుతుంది. సరిగ్గా అప్పుడే గున్న తుమ్ముతుంది, లేదా పల్టీ కొడుతుంది, లేదా విహితా అని పేరు పెట్టి పిలుస్తుంది. ఏ పిల్లకి ఏది పనిచేస్తుందో కంపెనీ సర్వర్ పూటపూటకీ నేర్చుకుంటూ పోతుంది.

పనిచేసింది, అందులో అనుమానం లేదు. గుండె ఆపరేషన్ అయ్యాక మెతుకు ముట్టని బాబు గున్నని చూసి జావ తాగాడు. పాడేరు దగ్గర ఒక అంగన్‌వాడీలో ఎముకల గూళ్లలా ఉన్న పిల్లలకి బుగ్గలొచ్చాయి. ఆ ఫొటోలు చూసి మందాకిని ఆనందంతో ఏడ్చింది. ఇంటికొచ్చి మొదటి పలక తన కూతురి ముందే పెట్టింది. సీతారత్నం ఇరుగుపొరుగుకి చెప్పుకుంది: "మా కోడలు గొప్ప సైంటిస్టు. మా సిట్టి ఇప్పుడు కంచం నాకేస్తంది."

అదే టాబ్లెట్‌లో పెద్దావిడ శుక్లాల కళ్లతో పెద్ద అక్షరాలు చేసుకుని భాగవతం చదువుకునేది. చంద్రమౌళి ఏ అడవి స్టేషన్లోనో బండి ఆగినప్పుడు అందులోనే కూతురి మొహం చూసుకునేవాడు. ఆ ఇంట్లో ఎవరికీ దాని మీద కోపం రాలేదు. ఎందుకొస్తుంది?

*

రోడ్లు తెరవగానే మందాకిని ల్యాబ్‌కి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ చూసే ఇమ్మానుయేల్ అప్పటికే అక్కడున్నాడు. గడ్డం మాసి, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పాప ఎలా ఉంది మేడమ్?"

"గున్న ఉంటే బాగుంది. లేకపోతే లేదు. మనం మొదట్లో తీసిన వీడియోలు పెట్టండి. ఎడిట్ చేసినవి కాదు, అసలువి."

"అవన్నీ ఎందుకిప్పుడు?"

"పెట్టండి."

తెర మీద నర్సీపట్నం తల్లి ఒకావిడ గడప మీద కూర్చుని కొడుక్కి పప్పుచారు అన్నం పెడుతోంది. కొడుకు తల పక్కకి తిప్పేశాడు. "అదిగో కుక్క, కుక్కని చూడు," అంది తల్లి. వాడు చూశాడు, నోరు తెరిచాడు, ముద్ద పడింది. మళ్లీ తల తిప్పాడు. ఈసారి బస్సు. మళ్లీ ముద్ద.

"ఆ తల తిప్పడాన్ని మనం ఏమని గుర్తు పెట్టాం?" అంది మందాకిని.

ఇమ్మానుయేల్ మీటలు నొక్కాడు. "అవరోధం అని పెట్టాం. తొలగించాల్సింది."

"అది అవరోధం కాదు ఇమ్మానుయేల్. మాటలు రాని పిల్లాడు చాలు అంటున్నాడు. సరే, ఇంకా పోనివ్వండి."

"ఇక్కడితో కట్ చేశాం కదా. తర్వాత పనికొచ్చేదేం లేదు."

"అదే చూడాలి."

వీడియో నడిచింది. పిల్లాడు మూడోసారి తల తిప్పాడు. తల్లి కాకిని చూపించింది. వాడు చూడలేదు. గిన్నెని చాచి కొట్టాడు. సగం అన్నం నేల మీద పడింది. తల్లి వాణ్ణి ఒక్క క్షణం కోపంగా చూసింది. తర్వాత నిట్టూర్చింది. "పోరా, నీతో పడలేను," అని చేతిలో మిగిలిన ముద్ద తన నోట్లో వేసుకుంది. పిల్లాడు పకపకా నవ్వి ఇంట్లోకి పరిగెత్తాడు.

ఇంకో వీడియో పెట్టారు. అక్కడ తల్లి వేరు, ఊరు వేరు. చివర మాత్రం అదే. ముద్ద తల్లి నోట్లోకే పోయింది. ఇంకోటి చూశారు. తిట్టిన తల్లి ఉంది, నవ్విన తల్లి ఉంది, వీపు మీద ఒక్కటిచ్చిన తల్లి ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ప్రతి తల్లీ ఓడిపోయింది. ఓడిపోయి మిగిలింది తనే తినేసింది.



"పిల్ల తింటేనే పనికొచ్చే వీడియో అనుకున్నాం," అంది మందాకిని. "తల్లులు ఓడిపోయిన చోటల్లా కత్తిరించి పారేశాం. ఆ యంత్రానికి ఏం నేర్పామో తెలుస్తోందా? పెట్టడం నేర్పాం. ఆపడం అనేది ఒకటుంటుందని దానికి తెలీదు."

"ఎక్కువ తింటారు, సరే. తినడమే మర్చిపోవడం ఏంటి మేడమ్?"

"కడుపు పిలవకముందే గున్న వస్తోంది. కడుపు చాలన్నా గున్న పోవట్లేదు. ఆ కడుపు ఎవరికోసం పిలవాలి? ఎన్నాళ్లు పిలుస్తుంది?"

ఇమ్మానుయేల్ తలపట్టుకున్నాడు. అతనికీ చంటిపిల్లాడు ఉన్నాడు.

సాయంత్రానికి ఇద్దరూ కలిసి కొత్త గున్నని తయారుచేశారు. పిల్ల తల తిప్పితే ఈ గున్న కూడా తల తిప్పి పొదల్లోకి వెళ్లిపోతుంది. ఎంత బతిమాలినా రాదు.

*

కౌస్తుభ్ ఆ కొత్త గున్నని చూసి ఆవలించాడు.

"దీంతో పిల్లలు కంచంలో ఎంత వదిలేస్తారు?"

"వాళ్లకి అక్కర్లేనిదంతా వదిలేస్తారు."

"అమ్మలు దీన్ని కొంటారంటారా? మీ అత్తగారు కొంటారా?"

మందాకిని కొత్త గున్న ఉన్న టాబ్లెట్‌ని తన వైపు తిప్పుకుంది.

"చూడండి మందాకినిగారూ, తుపాను మన తప్పు కాదు. కరెంటు పోవడం కరెంటు వాళ్ల సమస్య. పెద్ద బ్యాటరీ పెడదాం. నెట్ లేకపోయినా పనిచేసేలా చేద్దాం. అయిపోయింది. అంగన్‌వాడీల ఒప్పందం సంతకానికి వస్తోంది. రాష్ట్రంలో ప్రతి కేంద్రంలోనూ మన గున్న ఉంటుంది. మీరు వేదిక మీద మాట్లాడాలి. తల్లిగా, శాస్త్రవేత్తగా."

"నా కూతురు ఆసుపత్రిలో పడింది."

"తెలుసు. బాధపడ్డాను. అక్కడ పాపకి తినిపించిందెవరు? మనమే కదా."

మందాకిని లేచి నిలబడింది. "ఇలా జరుగుతుందని మీకు ముందే తెలుసా?"

ఆయన లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. పెట్టుబడి పెట్టేవాళ్లకి చూపించే స్లైడ్ అది. ఎర్రటి గుండె బొమ్మ, పక్కనే తల్లులు రాసిన వాక్యాలు. మా బాబు బువ్వపలక లేనిదే ముద్ద ముట్టడు. ఊరెళ్తూ మర్చిపోతే వెనక్కి తిరిగొచ్చాం. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక ఉంది: వినియోగదారుల అనుబంధం.

"ఇవి ఫిర్యాదులు!" అంది మందాకిని. "వాళ్లు మీకు మొరపెట్టుకున్నారు!"

"ఐదు నక్షత్రాలు ఇచ్చి మొరపెట్టుకున్నారా?" నవ్వాడు కౌస్తుభ్. "నెలనెలా చందా కట్టకుండా ఒక్క ఇల్లు కూడా ఆగలేదు. మన వ్యాపారమే అది. మీరు చదువుకున్నవాళ్లు, నేను విడమరిచి చెప్పాలా?"

"పసిపిల్లల ఆకలికి తాళం వేసి, తాళంచెవి అద్దెకిస్తున్నారు. అంతేగా?"

"ఈ మాట వేదిక మీద అనకండి," అన్నాడాయన. ఇప్పుడు నవ్వడం లేదు. "ఆ వీడియోలు కంపెనీ ఆస్తి. మీరు సంతకం చేసిన ఒప్పందం ఓసారి చదువుకోండి."

*

ఇంట్లో యుద్ధం ఇంకోలా సాగింది.

డాక్టర్ షకీలా చెప్పింది కష్టమైన పని. పలక కనిపించకూడదు. ఎవరూ నోట్లో పెట్టకూడదు. పిల్లకి అందేచోట అన్నం, పండు ఉంచాలి. రక్తంలో చక్కెర పడిపోతే పంచదార నీళ్లు తాగించాలి, అంతకుమించి బలవంతం వద్దు. కడుపు మళ్లీ పిలవాలి. "ఎప్పుడు పిలుస్తుందో నేను చెప్పలేను. ఇలాంటి జబ్బు నా పుస్తకాల్లో లేదు," అంది.

కొత్త గున్న విహితకి పనికిరాలేదు. అది పిల్ల తల తిప్పితేనే పోతుంది. విహిత తల తిప్పడమే మర్చిపోయింది. మందాకిని టాబ్లెట్‌ని అటక మీద పడేసింది. భాగవతం ఆగింది. చంద్రమౌళి ఫోన్ చేసి, "పాప మొహం ఒక్కసారి చూపించవే," అని అడిగితే, "పలక లాంటిది ఏది వెలిగినా నోరు తెరుస్తోంది. కొన్నాళ్లు గొంతే విను," అంది.

సీతారత్నం మాత్రం ఊరుకోలేదు.

"చేత్తో పెట్టొద్దంటావు. కుక్కపిల్లకి గిన్నె పెట్టినట్టు ముందర పెట్టి ఊరుకోమంటావు. నీ చదువులు తగలెయ్య, పిల్ల ఎలా చిక్కిపోయిందో చూశావా?"

"చూస్తున్నాను అత్తయ్యా."

"చూసి ఏం లాభం? నాలుగు ముద్దలు పెట్టనీ."

"మీరు పెట్టినా మింగదు."

"ఏనుగు ఉంటే మింగుతుంది కదే!"

ఒక పొద్దున మందాకిని మార్కెట్ నుంచి వచ్చేసరికి బాల్కనీ తలుపు వేసి ఉంది. లోపల గున్న తుమ్మిన చప్పుడు వినిపించింది. తలుపు తోసింది. పెద్దావిడ నిచ్చెనెక్కి టాబ్లెట్ దించి, విహిత ముందు పెట్టి ఉప్మా తినిపిస్తోంది. పిల్ల కళ్లార్పకుండా మింగుతోంది. గిన్నె అడుగున ఏమీ లేదు. అయినా నోరు తెరిచే ఉంది.

మందాకిని అరవబోయింది. సీతారత్నం అప్పటికే ఏడుస్తోంది.

"కొట్టు, తిట్టు. నావల్ల కాలేదే. నా మొగుడు మంచాన పడితే తినిపించాను. నీ మొగుడికి తినిపించాను. నా చేతి ముద్ద ఒక్క పిల్ల కూడా కాదనలేదు. దీనికి నా చెయ్యే అక్కర్లేదు. ఆ ఏనుగు మొహం చూసి బతుకుతుంది ఇది!"

మందాకినికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అత్తగారి చేతుల్లో ఉన్నది తన చేతులతో చేసిందే. టాబ్లెట్ తీసుకుని ఆపేసింది. తెర ఆరిపోగానే విహిత నోరు మూసుకుంది. స్విచ్ వేస్తే వెలిగి, తీస్తే ఆరిపోయే బల్బులా మూసుకుంది.

"అత్తయ్యా, ఇది చూశారు కదా," అంది. "మన పిల్లకి వాళ్లు స్విచ్ పెట్టారు."

సీతారత్నం మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎవడాడు? ఆ కంపెనీ గుంటడు? వాడికి పిల్లల్లేరా?" అంది. ఆ తర్వాత నిచ్చెన ఎక్కలేదు.

*

బీచ్ రోడ్డులో హాలు నిండిపోయింది. జిల్లా నలుమూలల నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్లు ఒకే రంగు చీరల్లో కిటకిటలాడుతున్నారు. వేదిక మీద శిశు సంక్షేమ శాఖ కమిషనర్, ఆవిడ పక్కన కౌస్తుభ్, ముందు బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఒప్పందం. కంపెనీ తీసిన ఫిల్మ్ అయింది. చప్పట్లు కొట్టారు. రాసిచ్చిందే చదువుతానని కౌస్తుభ్‌కి ఒప్పుకున్న మందాకిని మైకు దగ్గరకొచ్చింది.

వెనక ప్రొజెక్టర్ దగ్గర ఇమ్మానుయేల్ ఉన్నాడు. పొద్దున ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఉద్యోగం పోతుంది మేడమ్."

"నాదీ పోతుంది."

"మీకు రైల్వే మొగుడున్నాడు. నాకు హోమ్‌లోన్ ఉంది," అని గొణిగాడు. ఇప్పుడు మాత్రం ఆవిడ చెయ్యెత్తగానే మీట నొక్కాడు.

తెర మీద నర్సీపట్నం తల్లి వచ్చింది. కుక్క అయింది, బస్సు అయింది, కాకి అయింది. పిల్లాడు గిన్నె చాచి కొట్టాడు. "పోరా, నీతో పడలేను," అని తల్లి ముద్ద తన నోట్లో వేసుకుంది. హాలంతా గొల్లుమంది. రెండో తల్లి వచ్చింది. ఇంకా నవ్వులు. "అచ్చం మా అక్క!" అంది ఎవరో. కౌస్తుభ్ మొహం పాలిపోయింది.

"మీరు నవ్విన ఈ చివరి ముక్కని మేం కత్తిరించేశాం," అంది మందాకిని. "యంత్రానికి చూపించలేదు. అందుకే ఈ పలకకి ఓడిపోవడం రాదు. అమ్మ ఓడిపోతుంది. ఓడిపోతేనే పిల్లకి తన కడుపు తనదని తెలుస్తుంది. ఓడిపోవడం తెలియని ఈ యంత్రం చేతిలో పెట్టాక నా కూతురికి ఆకలి చచ్చిపోయింది. తుపానుకి కరెంటు పోతే స్పృహ తప్పింది. ఆసుపత్రిలో ఇంకా ఎందరో పిల్లలు ఉన్నారు. ఈ సంగతి కంపెనీకి తెలుసు. తెలిసి దానికి అనుబంధం అని పేరు పెట్టి..."

మైకు ఆగిపోయింది. కౌస్తుభ్ సైగ చేశాడు, ఎవరో వైరు లాగేశారు.

మందాకిని గొంతు చించుకుంది. "పేరు పెట్టి అమ్ముకుంటోంది! మీ కేంద్రాల్లో పెట్టబోతోంది!"

తెర కూడా ఆరిపోయింది. కానీ ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ హోరు ఏ వైరు లాగినా ఆగేది కాదు. మూడో వరసలో ఒకావిడ లేచి నిలబడింది.

"మేడమ్, మా ఊళ్లో మధ్యాహ్నం కరెంటు ఉండదు. మేం అన్నం పెట్టేది మధ్యాహ్నమే. అలవాటు చేశాక పలక వెలక్కపోతే పిల్లల మాటేంటి?" అని కమిషనర్‌నే అడిగింది.

"బ్యాటరీ ఇస్తున్నామమ్మా," అన్నాడు కౌస్తుభ్ లేచి.

"పిల్ల తినడానికి బ్యాటరీ ఏంటి సార్?" అంది ఇంకో మూల నుంచి ఇంకొకావిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కమిషనర్ కలం మూత పెట్టింది. "డాక్టర్ల నివేదిక చూడకుండా నేను సంతకం పెట్టను," అని లేచి వెళ్లిపోయింది.

కారిడార్‌లో కౌస్తుభ్ మందాకిని దారికి అడ్డంగా నిలబడ్డాడు. "సంతోషమా? మీరు ఆపింది ఒక్క సంతకం. పక్క రాష్ట్రంలో ఇంకోటి సిద్ధంగా ఉంది. అక్కడ బ్యాటరీ పెద్దది పెడతాం. ఏనుగుకి బదులు నెమలి. మీరు ఎన్ని హాళ్లకి వస్తారు?"

"వస్తాను."

"నోటీసు మీ ఇంటికి వస్తుంది."

"అంతకన్నా ఘోరమైంది ఎప్పుడో వచ్చింది," అంది మందాకిని.

*

నోటీసు వచ్చింది. ఉద్యోగం పోయింది. ఇమ్మానుయేల్‌కీ పోయింది. కౌస్తుభ్ పేపర్లో నవ్వుతూ ఫొటో దిగాడు. పక్క రాష్ట్రం, కొత్త నెమలి.

విహితకి మాత్రం ఆకలి రాలేదు. అందుబాటులో పెట్టిన అరటిపండుతో ఆడుకునేది, దాన్ని బొమ్మలా పడుకోబెట్టేది. చక్కెర నీళ్లు, జావ తాగించినంత మేరకే తాగేది. కాళ్లు సన్నబడ్డాయి. షకీలా వారంవారం చూసి, "ఇంకొంచెం ఆగుదాం," అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కళ్లలోకి చూడటానికి మందాకినికి ధైర్యం చాలేది కాదు. తన పోరాటం నిజమే, కోపం నిజమే. కానీ పిల్ల కడుపు మళ్లీ మాట్లాడకపోతే ఆ రెండూ ఏం చేసుకోవాలి?

ఆ రోజు లాయర్ దగ్గర ఆలస్యమైంది. జగదాంబ దగ్గర కూతుర్ని ఎత్తుకుని మధురవాడ బస్సెక్కింది. మద్దిలపాలెం దాటకముందే బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఎండ చిటచిటలాడుతోంది. విహిత ఒళ్లో అటూ ఇటూ మెసిలింది. ముందు సీటుని కాలితో తన్నింది. మందాకిని జడ పట్టుకుని లాగింది. తర్వాత ఒక్కసారిగా గుక్కపట్టి ఏడుపు అందుకుంది.

"ఏంటమ్మా ఆ గోల?" ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"ఫోనివ్వమ్మా, ఊరుకుంటుంది," అంది పక్కనున్నావిడ.

ఇంకో కుర్రాడు బ్యాగులోంచి తన టాబ్లెట్ తీశాడు. మంచివాడే. "ఇదిగో పాపా, కార్టూన్ చూడు," అని విహిత మొహం ముందు పెట్టబోయాడు.

మందాకిని దాన్ని అరచేత్తో పక్కకి తోసింది. "వద్దు బాబూ, తీసెయ్."

"అదేంటండీ, పిల్ల అంతలా ఏడుస్తుంటే!"

"ఏడవనివ్వండి."

బస్సంతా ఆవిడ వంక అసహ్యంగా చూసింది. ఇలాంటి తల్లిని ఎక్కడా చూడలేదని ఎవరో పైకే అన్నారు. మందాకినికి ఎవరి మాటా వినపడలేదు. కూతురి మొహమే చూస్తోంది. విహిత ఎర్రబడిపోయి, రెండు పిడికిళ్లతో తన పొట్టని గుద్దుకుంటోంది.

"ఎవరో కొరుకుతున్నారమ్మా! లోపల కొరుకుతున్నారు!"

"ఎక్కడ? చూపించు."

"ఇక్కడ! తీసెయ్ అమ్మా! తీసెయ్!"

మందాకిని కళ్ల నుంచి నీళ్లు ధారకట్టాయి. నోరు మాత్రం నవ్వుతోంది. ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"తీసేది కాదమ్మా. దాని పేరు ఆకలి."

"ఈవిడ చూడు, పిల్ల నొప్పని ఏడుస్తుంటే నవ్వుతోంది," అంది పక్కనున్నావిడ బుగ్గలు నొక్కుకుని.

మందాకిని సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత ఊడదీసింది. పెరుగన్నం. వేళ్లు అన్నంలో పెట్టి ముద్ద కలపబోయింది. అంతసేపు ఆగే ఓపిక విహితకి లేదు. తల్లి చేతిని కొట్టి పక్కకి నెట్టింది, డబ్బా లాక్కుంది, ఏడుస్తూనే రెండు చేతులూ అందులో ముంచేసింది.